ఏ పేనూ కొరకలేదు

సిద్దిపేటలో ఒక దవాఖానలో నేను చాలా ఏళ్లు చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేశాను. నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడం, ఎనిమిదేండ్ల పాప వచ్చింది. నెత్తి మీద నాలుగు జాగల్ల ఎంటికలు పోయినయి. మందు రాసిన. కానీ వాళ్లమ్మ కుర్చీల నుంచి లేస్తలేదు. ఏం చెప్పాలె?" అని అడిగింది.

మందు గురించి అడిగి ఉంటే రెండు నిమిషాల్లో చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని. ఆమె అడిగింది అది కాదు. ఆ తల్లి ఎందుకు లేవడం లేదో అర్థం కావడానికి నాకు సగం సర్వీసు పట్టింది. అందుకే ఆమెకూ, ఆమెలాంటి కొత్త డాక్టర్లకూ ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. ఒక పిల్ల, ఆమె తల్లి, వాళ్ల పట్ల మేమందరం చేసిన పనులు ఉంటాయి. చదువుతుంటే ఈమెకు కోపం ఎక్కువని మీకు అనిపిస్తుంది. ఎక్కువే.

జుట్టే కదా

నేను చదువుకునే రోజుల్లో మాకు ఒక పెద్ద ప్రొఫెసరు ఉండేవాడు. కుష్ఠు రోగుల కాళ్లను ఒట్టి చేతులతో పట్టుకుని పుండ్లు కడిగేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. ఒకరోజు ఒకామె ఆరేళ్ల కొడుకును తీసుకొచ్చింది. పిల్లవాడి తల మీద గుండ్రంగా, నున్నగా రెండు మచ్చలు. ఆయన కూర్చున్నచోటి నుంచే చూసి, "జుట్టే కదమ్మా, ప్రాణం పోదు" అని చీటీ రాసి, తర్వాతి రోగిని పిలిచాడు. మేము పక్కన నిలబడి నవ్వాం.

ఆయన చెడ్డ డాక్టరైతే ఆ మాట మరిచిపోయేదాన్ని. మంచి డాక్టరు కాబట్టి అది నాకు అంటుకుంది. ఓపీలో నూరు మంది ఉన్నప్పుడు ఆ మాట ఎంత పనికొస్తుందో మీకూ తెలుస్తుంది. ఒక్క మాటతో గది ఖాళీ అవుతుంది. నేను దాన్ని ఏళ్ల తరబడి వాడాను.

మన జనం ఈ జబ్బును పేనుకొరుకుడు అంటారు. అసలు ఆ పేరే ఒక అబద్ధం. ఏ పేనూ కొరకదు. ఒంటిని కాపాడవలసిన శక్తి పొరపాటుపడి జుట్టు కుదుళ్ల మీదే దాడి చేస్తుంది. మురికి వల్ల రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. కానీ పేరులో పేను ఉంది కదా. పేను అనగానే ఆ తల ఎవరు దువ్వుతారన్న ప్రశ్న వస్తుంది. తల్లే దువ్వుతుంది. జబ్బు పేరు చెప్పగానే నేరం ఎవరి మీద పడుతుందో అప్పుడే తేలిపోతుంది. అది తెలిసి కూడా మనం ఆ పేరు చెప్పి ఊరుకుంటాం.

వైష్ణవి

వైష్ణవిది బెజ్జంకి. నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. తండ్రి రాజేశం భివండిలో మరమగ్గాల మీద పని. ఇంట్లో తల్లి కవిత, నాయనమ్మ నర్సవ్వ. ముగ్గురూ కలిసి వచ్చారు. పిల్ల తల వెనక అరచేతిలో సగమంత మచ్చ, చెవి పైన ఇంకొకటి.

నేను అడగకముందే నర్సవ్వ మొదలుపెట్టింది. "డాక్టరమ్మా, పోరి నెత్తి సూసేటోళ్లు లేరు. వారానికోపాలి గా షాంపు పొట్లం రుద్దుతది, అంతే. నూనె లేదు, దువ్వుడు లేదు. మా ఇండ్ల ఎవ్వలకన్న గిట్లయిందా?"

కవిత కూతురి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

నేను చూశాను. "పేనుకొరుకుడు. ఏం కాదు. పూత మందు రాస్తున్న, పొద్దున మాపు పెట్టుండ్రి" అన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వాళ్లు లేచారు. అత్త ముందు నడిచింది, పిల్ల ఆమె వెనక. కవిత తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మేడం, ఇది నా తోటి వచ్చిందా?" అని అడిగింది.

అప్పటికే తర్వాతి రోగి బల్ల మీద కూర్చున్నాడు. "పోమ్మా, మందు పెట్టు, అదే పోతది" అన్నాను.

అడిగిన దానికి అది జవాబు కాదు. కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. వెనక్కి తిరిగి చూస్తున్న నర్సవ్వ ఆ ప్రశ్న విన్నది, నేను కాదు అనకపోవడం కూడా విన్నది. డాక్టరే కాదనలేదన్న మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు తిరిగిందో తర్వాత నాకు తెలిసింది.

జీడి రసం

రెండు నెలల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి కవిత, వైష్ణవి ఇద్దరే. పిల్ల తలకు పాత చీర ముక్క చుట్టి ఉంది. విప్పితే తల మీద బొబ్బలు. కొన్ని పగిలి చీము పట్టాయి. చెవి వెనక చర్మం నల్లగా కమిలిపోయి ఉంది. అడిగితే జీడి అన్నారు. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్ల జీడిగింజలు. వాటి రసం చర్మాన్ని కాలుస్తుంది. పేనుకొరుకుడుకు అది పూసే మనిషి పక్క ఊళ్లో ఒకడున్నాడట. అతని దగ్గరికి పోయి పూయించారు. ఒకసారి కాదు, మూడు వారాలు.

నాకు ఒళ్లు మండింది. కవిత మీద అరిచాను. "నువ్వు తల్లివేనా? పసిదాని నెత్తి కాలుస్తుంటే చూసుకుంట ఊకున్నవా? సదువుకోలేదా నువ్వు?" ఇంకా చాలా అన్నాను. నర్సు చేతిలో దూది అలాగే ఉండిపోయింది. బయట వరుసలో ఉన్నవాళ్లు తలుపులోంచి తొంగి చూశారు. కవిత తల దించుకుని నిలబడింది. నాకు ఎదురు ఒక్క మాట చెప్పలేదు.

చెప్పింది వైష్ణవి. బల్ల మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది. "అమ్మ పెట్టియ్యలే మేడం. నాయనమ్మ నా చేతులు వట్టుకున్నది. అమ్మ అడ్డమొస్తే ఆమెను బయటికి నూకి తలుపేసిన్రు. అమ్మ బయట ఏడ్సింది. నాకినవడ్డది."

ఆ గదిలో నేను క్షమించమని అడగలేదు. ఆ మాట డాక్టర్ల నోటికి రాదు, నా నోటికీ రాలేదు. బొబ్బలు కడిగాను, కట్టు కట్టాను, మందులు రాశాను. కవిత పిల్లను ఎత్తుకుని పోయింది. తొమ్మిదేళ్ల పిల్లను ఎత్తుకుని పోయింది.

కొత్తగా వచ్చే డాక్టర్లకు నేను చెప్పేది ఒకటుంది. మనకు కోపం రావడం తప్పు కాదు. కానీ ఆ కోపం దగ్గరగా ఎవరు నిలబడితే వాళ్ల మీద పడుతుంది. పిల్లను దవాఖానకు తెచ్చేది తల్లి కాబట్టి తిట్లన్నీ తల్లే తింటుంది. రసం పూసినవాడు ఓపీకి రాడు. చేతులు పట్టుకున్న ముసలామె రాదు. భివండిలో ఉన్న తండ్రి రాడు. నేను అరిచింది ఆ ఇంట్లో పిల్ల కోసం అడ్డం పడ్డ ఒక్క మనిషి మీద.

బడి

పుండ్లు మానాయి. కానీ చెవి వెనక కమిలినచోట కుదుళ్లు చచ్చిపోయాయి. అక్కడ ఇక జుట్టు రాదు, అది ఆ రసం చేసిన పని. మిగిలిన తల మీద జబ్బు తన దారిన తాను పాకుతూ పోయింది. ఆరు నెలల్లో తల మీద ఒక్క వెంట్రుక లేదు. తర్వాత కనుబొమ్మలు కూడా పోయాయి. కవిత ప్రతి నెలా తీసుకొచ్చేది. నాతో అవసరానికి మించి మాట్లాడేది కాదు.

ఒక నెల ఆమె నోరు తెరిచింది. "బడికి రావద్దంటున్రు మేడం. టోపీ పెట్టుకుంటే యూనిఫాం కాదంటరు. తీస్తే పోరగాండ్లు భయపడుతున్రంటరు. అంటుకుంటదని ఎవలో ఫోన్ జేసిన్రట."

అంటురోగం కాదని సర్టిఫికెట్ రాసి, ముద్ర వేసి ఇచ్చాను. వారం తర్వాత మళ్లీ వచ్చింది. "ప్రిన్సిపాల్ సారు గా కాయితం సదువనే లేదు మేడం. పక్కకు వెట్టిండు."

అది వాళ్ల మండలంలోనే ఒక ప్రైవేటు బడి. ఒక శనివారం నేనే పోయాను. ప్రిన్సిపాల్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు, చాయ్ తెప్పించాడు. "మీరు చెప్పింది నిజమే మేడం. అంటుకోదని నాక్కూడా తెలుసు. కానీ నేను మిగతా పేరెంట్స్‌కు జవాబు చెప్పుకోవాలె కదా. జుట్టు వచ్చినంక రమ్మనుండ్రి, సీటు ఎక్కడికి పోతది" అన్నాడు.

తెలియక చేసేవాడికి చెప్పొచ్చు. తెలిసీ చేసేవాడికి ఏం చెప్పాలి? గొంతు పెంచాను. పిల్లను బయట ఉంచితే జిల్లా ఆఫీసులో కాగితం పెడతానన్నాను. అప్పుడు గాని అతను ఒప్పుకోలేదు. క్లాసులో పిల్లలతో మాట్లాడతానంటే సరేనన్నాడు.

నాలుగో తరగతిలో ముప్పై మంది ఉన్నారు. వైష్ణవిని ఇంటి నుంచి పిలిపించి, పక్కన నిలబెట్టుకుని జబ్బు గురించి చెప్పాను. ఒక పిల్లవాడు చెయ్యి ఎత్తి, "నొప్పి లేస్తదా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు వైష్ణవి, "లెవ్వది. గాలొస్తె సల్లగుంటది" అంది. పిల్లలు నవ్వారు. అది వెక్కిరింపు నవ్వు కాదు. ఒక ఆడపిల్ల జరిగి బెంచీ మీద జాగా ఇచ్చింది. పిల్లలతో పని పది నిమిషాల్లో అయిపోయింది.

నేను గెలిచానని అనుకుని ఇంటికి వచ్చాను. నెల తర్వాత తెలిసింది, క్లాసు గ్రూప్ ఫోటో తీసిన రోజు వైష్ణవిని ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. చాక్‌పీసులు లెక్కపెట్టమన్నారట. ఆమె అన్నీ లెక్కపెట్టి, ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి ఇచ్చి వచ్చింది. ఆ తర్వాత ఇక ఆ బడికి పోనంది. మీసేవ పక్కన ఉన్న సర్కారు బడిలో చేర్పించారు. అక్కడ ఎవరూ టోపీ గురించి అడగలేదు. గొప్ప మనసుతో కాదు, అడగాలని వాళ్లకు తోచలేదు, అంతే. ఆ పిల్లకు కావలసింది కూడా అంతే.

ఇదంతా పేద ఇళ్లల్లో, చదువు లేని ఇళ్లల్లో జరుగుతుందని అనుకోకండి. అదే ఏడాది కుకునూరుపల్లి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. భూములున్నాయి, వ్యాపారం ఉంది, రాజకీయాల్లో తిరుగుతాడు. పదేళ్ల కూతురికి ఇదే జబ్బు. ఓపీ చీటీ మీద పిల్ల అసలు పేరు రాయించలేదు. "రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరన్న ఈ చీటీ బయటికి తీస్తరు మేడం" అన్నాడు. పదేళ్ల పిల్లకు సంబంధాలు. నేను ఊరుకున్నాను. వరుసలో నర్సు ఆ అబద్ధపు పేరు పిలిచినప్పుడల్లా ఆ పిల్ల టక్కున లేచి వచ్చేది. ఇంట్లో అభ్యాసం చేయించారు. తనది కాని పేరుకు లేచి రావడం పదేళ్లకే నేర్చుకున్న ఆ పిల్లకు నేను ఏం వైద్యం చేశానని చెప్పుకోవాలి? నా చేతిరాతతోనే ఆ అబద్ధపు పేరు నెలల తరబడి రాశాను.

రాజేశం

వైష్ణవి ఐదో తరగతిలో ఉండగా రాజేశం భివండి నుంచి వచ్చాడు. తల్లి ఫోన్ చేసి రప్పించింది. కవితను ఆమె తల్లిగారింటికి పంపాలని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. ఆ వంశంలో ఏదో ఉంది, ఇంకో పిల్లను కంటే దానికీ ఇదే వస్తుందన్నది నర్సవ్వ వాదన. డాక్టరు నోటితోనే తేల్చుకుందామని నలుగురూ దవాఖానకు వచ్చారు. రాజేశం ఒక్కడే లోపలికి వచ్చాడు. మిగిలిన ముగ్గురూ బయట బెంచీ మీద కూర్చున్నారు.

సన్నటి మనిషి. గడ్డం నున్నగా గీసుకున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒక్కటే అడుగుత మేడం. ఇది ఆమె దిక్కు నుంచి వచ్చిందా?"

ఈసారి జవాబు చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఇది ఎవరూ చేస్తే వచ్చేది కాదని, షాంపుతో రాదని, నూనెతో పోదని చెప్పాను. కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువ మందికి కనిపిస్తుందని, అది తల్లి వైపైనా కావచ్చు, తండ్రి వైపైనా కావచ్చని చెప్పాను. అప్పుడు మొదటిసారి అడిగాను. "మీ ఇండ్ల ఎవరికన్న ఉన్నదా? నెత్తి మీదనే కాదు. గడ్డం, మీసం, ఎక్కడన్న సరే."

అతను కుడి దవడ కింద వేలు పెట్టుకున్నాడు.

"నాకైంది మేడం. గీడ. రూపాయి బిళ్లంత. ఈ పోరి పుట్టకముందు, భివండిల. తర్వాత ఇంకో దిక్కు కూడ అయింది. రెండేండ్లుండె. మళ్ల ఎంటికలు మొలిసినయి."

"ఇంట్ల తెల్సా?"

"ఎవలకు తెల్వది. రోజు గీక్కున్న. గీక్కుంటే కానరాదు గద."

"మీ పెండ్లాం మీద గింత నింద పడుతుంటే ఎందుకు చెప్పలే?"

"ఎవలడగలే మేడం."

నా సర్వీసులో నేను విన్న మాటల్లో నన్ను ఎక్కువగా మండించింది అదే. తన దవడ మీద జవాబు పెట్టుకుని ఏడాదిన్నర ఫోన్‌లో తల్లి తిట్లు విన్నాడు. భార్యను బయటికి తోసి తలుపేసిన సంగతి విన్నాడు. బిడ్డ తల కాల్చిన సంగతి విన్నాడు. ఎవరూ అడగలేదట. అతన్ని కాలర్ పట్టుకుని లేపాలనిపించింది.

అయితే అతను చెప్పింది నిజం. ఎవరూ అడగలేదు. అడగవలసింది నేను. కుటుంబంలో ఎవరికైనా ఉందా అన్నది పుస్తకం మొదటి పేజీలో ఉండే ప్రశ్న. మొదటి రోజే తండ్రికి ఫోన్ కలిపి అడిగి ఉంటే ఐదు నిమిషాల పని. నర్సవ్వ "మా ఇండ్ల ఎవ్వలకన్న గిట్లయిందా" అన్నప్పుడు దాన్ని సమాచారంగా తీసుకున్నాను. చీటీ మీద 'కుటుంబ చరిత్ర లేదు' అని రాశాను. ఆ మూడు ముక్కలతో కవిత మీద ముద్ర కొట్టింది నేనే.

"బయట మీ అమ్మ కూసున్నది. పోయి చెప్పు" అన్నాను.

"నేను మెల్లగ చెప్త మేడం, ఇంటికి పోయినంక."

"ఇంటికి పోయినంక నువ్వు చెప్పవు. ఇప్పుడు చెప్పు. నేను వస్త."

ఓపీ ఆపి అతనితో బయటికి వచ్చాను. నలభై మంది చూస్తున్నారు. అతను తల్లి ముందు నిలబడి, నేల చూస్తూ చెప్పాడు. "అవ్వా, నాక్కూడ అయిండె. గడ్డంల. నా దిక్కు నుంచే వచ్చిందేమో."

నర్సవ్వ కొడుకు దవడ వైపు చూసింది. "మొగోనికి గడ్డం పోతే ఏమైతదిరా" అంది.

అంతే. కోడలి వైపు చూడలేదు. తప్పయిందన్న మాట లేదు. రాజేశం కూడా ఇంకేమీ అనలేదు. కవిత మాత్రం లేచింది. కూతురి చెయ్యి పట్టుకుంది. భర్తకు చెప్పలేదు, అత్తకు చెప్పలేదు, నా వైపు చూడలేదు. ఇద్దరూ బస్టాండు వైపు నడిచిపోయారు. ఆ తర్వాత ఆమె నా ఓపీకి రాలేదు. కరీంనగర్‌లో ఇంకో డాక్టరుకు చూపిస్తున్నదని తెలిసింది.

కవితను తల్లిగారింటికి పంపే మాట ఆ రోజుతో ఆగిపోయింది. రాజేశం భివండి మానేసి ఊళ్లోనే ఉన్నాడని కూడా విన్నాను. అంతకంటే మంచి ముగింపు నేను కల్పించలేను.

ఇప్పుడు

మీ చేతిలో ఇప్పుడు కొత్త మాత్రలున్నాయి. కొందరు పిల్లలకు జుట్టు వస్తుంది, కొందరికి వచ్చి మళ్లీ పోతుంది. ఆ మాట మొదటి రోజే చెప్పండి. తల్లిని కూర్చోబెట్టి, అత్త ముందే, తండ్రి ఫోన్‌లో ఉండగానే, ఇది ఎవరి తప్పూ కాదని గట్టిగా చెప్పండి. వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. పిల్లతో కూడా మాట్లాడండి. తల గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ తల తనదని, తను అక్కడే కూర్చుని వింటున్నదని మనం మరిచిపోతాం.

రిటైరైన తర్వాత ఒకసారి సిద్దిపేట రైతుబజారులో నన్ను ఒక అమ్మాయి పలకరించింది. తల మీద చున్నీ లేదు. కొంత మేర పొట్టిగా జుట్టు ఉంది, కొంత మేర నున్నగా ఉంది. చెవి వెనక మచ్చ చూసి గుర్తుపట్టాను. ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరమట.

నా కళ్లు అలవాటుగా ఆమె తల మీదే తిరుగుతున్నాయి. ఎక్కడెక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అని లెక్క వేస్తున్నాను. ఆమె అది గమనించింది.

"మేడం, మందులు బంద్ జేసిన. అమ్మ సరే అన్నది. సదువు గురించి అడుగుండ్రి" అంది.

"సదువెట్లున్నది?"

"ఫిజిక్స్‌ల పోయింది. సప్లిమెంటరీ రాస్తున్న" అని నవ్వింది.

నేనూ నవ్వాను. కాసేపు కూరగాయల ధరల గురించి మాట్లాడుకున్నాం. పోయే ముందు ఉండబట్టలేక అడిగాను. "అమ్మ మంచిగున్నదా? నా మీద కోపం పోయిందా?"

వైష్ణవి నన్ను నొప్పించకుండా చెప్పడానికి మాట వెతుక్కుంటున్నదని అర్థమైంది. తర్వాత వెతకడం మానేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"పోలే మేడం. మీ పేరు తీస్తే లేసి పోతది."

"లేసి పోనియ్యి బిడ్డా. ఆ కోపం పోగొట్టుకోవద్దని చెప్పు" అన్నాను.